ఉత్తర ద్వారం ఎవరిది?

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని ప్రతీతి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ నాలుగింటిలో రెండు పాత పాలమూరు జిల్లాలోనివే. ఉప్పునుంతల, అచ్చంపేట, అమ్రాబాద్ పల్లెల వారికి మల్లన్న దారి ఉమామహేశ్వరంతోనే మొదలవుతుంది. సంక్రాంతికి అక్కడ ఉత్సవాలు మొదలైతే దుందుభి ఒడ్డు నుంచి నల్లమల అంచు దాకా జనం కదులుతారు. అయితే ఈ ఆలయాల గురించి అచ్చయ్యే చరిత్ర మూడు ప్రశ్నలతోనే ముగుస్తుంది: ఏ రాజు కట్టించాడు, ఏ శతాబ్దంలో కట్టించాడు, ఏ శైలిలో కట్టించాడు. రాయి మోసినదెవరు, గర్భగుడి గడప దాకా వెళ్ళగలిగినదెవరు, వాకిట్లోనే ఆగిపోయినదెవరు అన్న ప్రశ్నలు స్థలపురాణంలోనూ లేవు, పర్యాటక శాఖ కరపత్రంలోనూ లేవు. ఈ ప్రశ్నలు వేస్తే భక్తికి భంగం కలుగుతుందని అనుకునేవారున్నారు. నిజానికి ఆ జవాబుల్లో కొన్ని ఆ గుడుల చుట్టూ ఉన్న కథల్లోనే ఉన్నాయి. చదివే కన్ను కావాలి.

ఉమామహేశ్వరం నిర్మాణ సౌందర్యానికి పేరుపడిన గుడి కాదు. అలంపురంలోని శిఖరాలు, రామప్పలోని మదనికలు ఇక్కడ కనబడవు. రంగాపురం దాటి కొండ ఎక్కితే, నల్లమల పైఅంచున రాతి చరియ ఒకటి గొడుగులా ముందుకు చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ చరియ నీడలో, దానిని ఆనుకొని గుడి కట్టారు. గోడలు రాతి ఒంపును బట్టి సాగాయి తప్ప రాతిని తమకు అనుకూలంగా చెక్కుకోలేదు. చరియ లోపల ఎండాకాలంలోనూ నీరు ఊరుతుంటుంది. దానినే పాపనాశనం అంటారు. గుడి కన్నా ముందు అక్కడ నీరు ఉంది, నీడ ఉంది. నీరూ నీడా ఉన్న చోటు అడవిలో ఎవరికి ముందు తెలుస్తుంది? ఆ అడవిలో తేనె తీసి, గడ్డలు తవ్వుకొని, తరాలుగా తిరిగిన చెంచులకే తెలుస్తుంది. శాసనం చెక్కిన చేతికి ముందు ఆ చోటును కనుగొన్న కాళ్ళు ఉండి తీరాలి. ఇది ఊహ మాత్రమే కాదు, నల్లమలలోని శైవ క్షేత్రాలన్నిటికీ వర్తించే సాదా తర్కం.

శాసనం సంగతికి వద్దాం. ఉమామహేశ్వరంలో రేచర్ల పద్మనాయక వంశానికి చెందిన మాదానాయకుడి 14వ శతాబ్దపు శాసనం ఉంది. కాకతీయ రాజ్యం 1323లో కూలిన తర్వాత తెలంగాణను పంచుకొని ఏలిన నాయకుల్లో ఈ వంశం ప్రధానమైనది. అన్న అనపోతానాయకుడిది రాచకొండ, తమ్ముడు మాదానాయకుడిది దేవరకొండ. దేవరకొండకూ ఉమామహేశ్వరానికీ నడుమ ఉన్న నేల మీదే నేటి ఉప్పునుంతల మండలం ఉంది. శ్రీశైలానికి పోయే ఉత్తరపు దారి మీద పట్టు ఉండడమంటే యాత్రికుల మీద, వర్తకుల మీద, అడవి మీద పట్టు ఉండడమే. గుడికి దానం చేయడం పుణ్యం కోసమే కాదు, ఈ దారి మాదని చాటడం కోసం కూడా. ఆ కాలపు ఏ వంశమూ దీనికి మినహాయింపు కాదు.

ఈ వంశం తన వర్ణాన్ని దాచుకోలేదు. సర్వజ్ఞ సింగభూపాలుడి పేరు మీద ఉన్న 'రసార్ణవసుధాకరం' తమ వంశం నాలుగవ వర్ణానిదని, విష్ణుపాదం నుంచి పుట్టినదని, అదే పాదం నుంచి పుట్టిన గంగకు తోబుట్టువని గర్వంగా చెప్పుకుంటుంది. శూద్రత్వాన్ని అవమానంగా కాక ఆభిజాత్యంగా ప్రకటించిన ఈ ధోరణి కాకతీయానంతర తెలుగు నేల ప్రత్యేకత. క్షత్రియులమని దొంగ వంశవృక్షాలు రాయించుకున్న రాజుల పక్కన దీనిని నిలిపి చూస్తే విలువ తెలుస్తుంది. పాదం నుంచి పుట్టడం తక్కువైతే గంగ కూడా తక్కువేనా అన్న ఆ వాదన పదును నేటికీ తగ్గలేదు.

కానీ పాదం నుంచి కూడా పుట్టని వారి మాటేమిటి? వర్ణవ్యవస్థ లెక్కలోకే రాని అయిదవవారి మాటేమిటి? ఇక్కడే రేచడి కథ వస్తుంది.

'వెలుగోటివారి వంశావళి' అనే గ్రంథాన్ని నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఈ వంశం తన పుట్టుక గురించి తానే చెప్పుకున్న కథ అందులో ఉంది. మూలపురుషుడైన చెవిరెడ్డి దగ్గర రేచడనే మాల పాలేరు ఉండేవాడు. నేలలో నిక్షేపం బయటపడింది. అది దక్కాలంటే నరబలి కావాలన్నారు. రేచడు తానే బలి అవుతానన్నాడు. బదులుగా రెండు కోరికలు కోరాడు. యజమాని వంశం తన పేరును ధరించాలి. ఆ వంశంలో పెళ్ళి జరిగేటప్పుడు ముందు తన వారి ఇంట పెళ్ళి జరిపించాలి. యజమాని ఒప్పుకున్నాడు. రేచడు బలయ్యాడు. నిక్షేపం యజమానికి దక్కింది. వంశం రేచర్ల వంశమైంది.

ఈ కథ జరిగిందా లేదా అని తేల్చడం ఇక్కడ అవసరం లేదు. రేచర్ల అన్నది ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరని చెప్పేవారున్నారు. రామప్ప గుడిని 1213లో కట్టించిన రుద్రుడి ఇంటిపేరు కూడా రేచర్లే. అది వేరే వంశం. పుక్కిటి పురాణంగా తీసుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. రాజ్యాలేలిన వంశానికి తన సంపదకు మూలం ఒక మాలవాడి ప్రాణమని చెప్పుకోవలసిన అగత్యం ఏమొచ్చింది? శత్రువులు కట్టిన కథైతే వంశావళిలోకి ఎక్కేది కాదు. తామే చెప్పుకున్నారు కనుక, ఎక్కడో ఒక అప్పు ఉందన్న ఎరుక వారికి ఉన్నట్టే. కథల్లో అప్పు ఒప్పుకోవడం పాలకులకు అలవాటే, తీర్చడమే అలవాటు లేదు. పేరు కోటగోడలకూ గుడి శాసనాలకూ ఎక్కింది. పేరుగలవాడి మనుమలు ఊరి చివర గేరిలో మిగిలారు.

ఈ నేల మీద కులం గురించి మాట్లాడేవారు ఈ కథను తరచూ త్యాగగాథగా చెబుతారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. యజమాని నిక్షేపం కోసం పాలేరు చావడాన్ని త్యాగమనడం యజమానికి సౌకర్యం. రేచడి కథలో గమనించాల్సింది చావు కాదు, షరతు. చావబోయే ముందు కూడా అతను డబ్బు అడగలేదు, మాన్యం అడగలేదు. పేరు అడిగాడు, పెళ్ళి వరుసలో ముందుచోటు అడిగాడు. అంటే గౌరవాన్ని లిఖితపూర్వకంగా, ఆచారపూర్వకంగా అడిగాడు. తెలుగు నేల మీద దళితుడు పెట్టిన మొదటి రాజకీయ షరతుల్లో ఒకటిగా దీనిని చదవవచ్చు.

ఉమామహేశ్వరంలో ఆ వంశం పేరు రాతికెక్కి ఆరు శతాబ్దాలు దాటింది. మరి రేచడి వారు ఆ గడప తొక్కడానికి చట్టం ఎప్పుడు తోడొచ్చింది? 1947లో మద్రాసు ప్రెసిడెన్సీ ఆలయ ప్రవేశానికి చట్టం చేసింది. కృష్ణకు ఇవతల ఉన్న ఉమామహేశ్వరానికీ, నాడు రాయచూరు జిల్లాలో ఉన్న అలంపురానికీ, గద్వాలకూ అది వర్తించలేదు. ఇవన్నీ నిజాం రాజ్యంలోవి. ఇక్కడి దళితులకు 1950లో రాజ్యాంగం అండగా వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణంలోని రెండవ ఉపభాగం హిందూ ధార్మిక సంస్థలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం శిక్షలు పెట్టింది. అంబేడ్కర్ నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టింది 1930లో. గడపకూ చట్టానికీ మధ్య రెండు దశాబ్దాలు పట్టింది. చట్టానికీ ఊరి రామాలయానికీ మధ్య దూరం నేటికీ పూర్తిగా తరగలేదని పాలమూరు పల్లెల్లో తిరిగిన వారెవరికైనా తెలుసు.

పడమటి ద్వారమైన అలంపురం కథ వేరు. అక్కడ నిర్మాణమే మాట్లాడుతుంది. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7వ, 8వ శతాబ్దాల్లో కట్టించిన తొమ్మిది గుడులు ఉన్నాయి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ ఆలయాలు. పేరుకు బ్రహ్మ, లోపల లింగం. తారక బ్రహ్మ మినహా మిగిలినవాటి మీద ఉత్తరాది పద్ధతిలో నిలువుగా లేచి లోపలికి వంగే రేఖానాగర శిఖరాలున్నాయి, వాటి తలమీద ఉసిరికాయ ఆకారంలో ఆమలకం ఉంది. దక్షిణాదిలో ఇంత తొలికాలంలో ఈ శైలి ఇంత పరిపక్వంగా ఒకేచోట కనిపించడం అరుదు. చతురస్రపు గర్భగుడి, దాని చుట్టూ లోపలే తిరిగేందుకు ప్రదక్షిణాపథం, ముందు రెండు వరుసల స్తంభాలతో మూడు పాయలుగా చీలిన మండపం. స్వర్గ బ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలానిది; గోడల మీద దిక్పాలకులు, ద్వారానికి ఇరువైపులా ద్వారపాలకులు. గోడను చదునుగా వదలక కోష్ఠాలుగా, కిటికీలుగా విడగొట్టిన తీరు చూస్తే ఆ స్థపతులకు నీడ ఎక్కడ పడాలో కూడా తెలుసని అర్థమవుతుంది. పొద్దు వాలే వేళ అక్కడ నిలబడి చూడాల్సిన దృశ్యం అది.

ఆ స్థపతులెవరు? శాసనాలు రాజునూ రాణినీ సామంతుడినీ ఆచార్యుడినీ చెబుతాయి. ఇదే వంశం పట్టదకల్లులో కట్టించిన విరూపాక్షాలయం దగ్గర మాత్రం శిల్పి గుండని పేరును, అతనికిచ్చిన బిరుదును రాతికెక్కించారు. అది గొప్పగా చెప్పుకోవడానికి కారణమే అది మినహాయింపు కావడం. సూత్రం పట్టిన పెద్ద శిల్పికైనా అప్పుడప్పుడు పేరు దక్కింది. గనిలో రాయి పగలగొట్టినవాడికి, బండి కట్టి లాగినవాడికి, సున్నం నూరిన ఆడమనిషికి ఆ భాగ్యం ఏ శతాబ్దంలోనూ లేదు. రామప్ప గుడికి శిల్పి పేరే వచ్చిందని జనం మురిపెంగా చెప్పుకుంటారు. ఆ మురిపెం వెనక వెయ్యేళ్ళ వెలితి ఉంది.

అలంపురం స్థానిక కథ ఈ వెలితిని తనదైన పద్ధతిలో పూరించింది. ఈ గుడులు కట్టించింది చాళుక్య రాజు కాదని, రససిద్ధుడని జనం చెబుతారు. వితంతువు కడుపున పుట్టి, తండ్రి లేనివాడని తోటి పిల్లలు గేలి చేస్తే తపస్సు చేసి, రసవిద్య సాధించి, బంగారం చేసి గుడులు కట్టించాడట. బాల, అర్క, కుమార వంటి పేర్లు మూలికల పేర్లేనని చెప్పేవారు కూడా ఉన్నారు. చరిత్రగా ఇది నిలవదు. కానీ గోత్రం చెప్పుకోలేనివాడు ఈ గొప్ప గుడుల కర్త కావాలని జనం ఎందుకు కోరుకున్నారో ఆలోచించదగినది.

అలంపురంలోనే మరో మూర్తి ఉంది. తల ఉండాల్సిన చోట విచ్చిన తామర, ప్రసవభంగిమలో ఉన్న నగ్నదేహం. కళాచరిత్రకారులు లజ్జాగౌరి అంటారు. స్థానికులకు ఆమె రేణుక, ఎల్లమ్మ, భూదేవి. పిల్లలు లేని స్త్రీలు ఆమెకు నూనె, వెన్న రాసి మొక్కేవారు. ఇప్పుడు ఆ మూర్తి మ్యూజియంలో ఉంది. ఎల్లమ్మ కథ తెలుగునాట తెలియనివారు లేరు. తండ్రి ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరికాడు. ఆమె పరుగెత్తి మాతంగి స్త్రీని వాటేసుకుంది. రెండు తలలూ తెగాయి. బతికించేటప్పుడు తలలు మారాయి. బ్రాహ్మణ స్త్రీ తల మాదిగ స్త్రీ దేహానికి, మాదిగ స్త్రీ తల బ్రాహ్మణ స్త్రీ దేహానికి అతికాయి. మాదిగలు, బైండ్లవారు చెప్పే ఈ కథలో పురాణం చెప్పడానికి ఇష్టపడని ఒక విషయం ఉంది: ఊరి బయటి దేహం లేకుండా ఊరి దేవత పూర్తి కాదు.

కథలో దక్కిన ఈ సగం దేహానికి నిజ జీవితంలో ఏమి దక్కిందో కూడా చెప్పుకోవాలి. ఇదే పాలమూరులో ఎల్లమ్మ పేరున, పోచమ్మ పేరున దళిత బాలికలను జోగినులుగా విడిచే దురాచారం పాతుకుపోయింది. దేవుడితో పెళ్ళి, ఊరి పెద్దల పొందు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చింది. బొట్టు కట్టడం నేరమైంది. అప్పటికే కట్టించుకున్న స్త్రీల పిల్లలు బడి దరఖాస్తులో తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోవడం మాత్రం ఆగలేదు. మాతంగి తల దేవతకు కావాలి, మాతంగి బిడ్డ ఇంటిపేరు ఎవరికీ అక్కరలేదు. పైన చెప్పిన రేచడి షరతు గుర్తొస్తుంది: పేరు.

కొండకు మళ్ళీ ఎక్కుదాం. ఉమామహేశ్వరం నుంచి ఇంకా లోపలికి, లింగాల వైపు అడవిలో సలేశ్వరం ఉంది. లోతైన లోయ, పైనుంచి దూకే జలపాతం, రాతి గూటిలో లింగం. ఏటా చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే జాతర. రాళ్ళ మీద ఇరుకు బాటన గంటల తరబడి నడిచి దిగాలి. అక్కడ పూజారులు చెంచులు. లింగమయ్య వాళ్ళ ఇలవేల్పు. కులగోత్రాలు చూసుకునే మైదానపు భక్తుడు కూడా అక్కడ చెంచు చేతి విభూతినే కళ్ళకద్దుకుంటాడు. లోయ నుంచి పైకెక్కాక మళ్ళీ తన పాత లెక్కల్లోకి వెళ్ళిపోతాడు. అది వేరే సంగతి.

శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అంటారు. అడవిలోకి వేటకొచ్చి చెంచు పిల్లను మనువాడాడట. అహోబిలంలో నరసింహుడికి చెంచులక్ష్మి ఉన్నట్టే. ఈ అల్లుడి కథలను మన పండితులు సమన్వయానికి తార్కాణంగా చూపుతారు. సమన్వయం జరిగిన మాట నిజమే, ఎవరి షరతుల మీద జరిగిందన్నదే ప్రశ్న. అల్లుడు గర్భగుడిలోకి వెళ్ళాడు, మామగారు గుడి బయట మిగిలారు. వీరశైవం ఈ గోడను కొంత కూల్చింది. పాల్కురికి సోమనాథుడి 'బసవపురాణం' మాదార చెన్నయ్య ఇంటి అంబలిని శివుడు ఇష్టపడి తాగాడని చెప్పింది. 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైల యాత్రకు పోయే సకల జనుల సందడి ఉంది. ఆ ఉద్యమం నుంచి వచ్చిన మఠాలు కూడా కాలక్రమంలో వంశపారంపర్యపు పీఠాలైపోవడం మన చరిత్రలో పదే పదే జరిగిన పనే. శివరాత్రి నాటి రాత్రి శ్రీశైల విమానం మీద నుంచి నందుల దాకా పాగా చుట్టే సేవ నేతపనివారిది. ఏడాదికి ఒక్క రాత్రి, అదీ చీకట్లో. శ్రమజీవి కులాలకు గుడిలో దొరికిన చోటు తరచూ ఇలాంటిదే.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. 1987 నాటి ధర్మాదాయ చట్టం, జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల మీద, అర్చకత్వంలో వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థిస్తూ, అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమని చెప్పింది. 2002లో ఆదిత్యన్ కేసులో, అర్హత ఉంటే బ్రాహ్మణేతరుడు అర్చకుడు కావచ్చని, కేవలం ఆచారం పేరిట అడ్డుకోవడానికి రాజ్యాంగ రక్షణ లేదని తేల్చింది. 2017లో కేరళలోని ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు నియామకాల్లో 36 మంది బ్రాహ్మణేతరులు ఎంపికయ్యారు; వారిలో ఆరుగురు దళితులు. మరి పుట్టుకతో వచ్చే అర్చకత్వం ఉమామహేశ్వరంలో తప్పైతే సలేశ్వరంలో ఒప్పెలా అవుతుంది?

రెండూ ఒకటి కావు. ఒకచోట పుట్టుక ఇతరులను బయట ఉంచే తలుపు. దాని వెనక మాన్యాలున్నాయి, శాస్త్రముంది, రాజ్యముంది. ఇంకోచోట పుట్టుక, అన్నీ పోగా ఒక సమూహానికి మిగిలిన ఒకే ఒక్క చోటు. సలేశ్వరంలో చెంచు పూజారి ఎవరినీ లోయలోకి దిగవద్దనడు. అందుకని ఆ హక్కును వంశహక్కుగా కాక సమూహపు హక్కుగా, ఆవాసపు హక్కుగా చూడాలి. అలా చూస్తే దానికి చట్టం కూడా తోడుంది. నేడు నిజంగా ప్రమాదంలో ఉన్నదీ ఈ హక్కే.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ అంతర్భాగం నుంచి సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఆవాసాలను తరలించే ప్రతిపాదన కొన్నేళ్ళుగా నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ, లేదా మైదానంలో ఇల్లూ భూమీ. తరలింపు స్వచ్ఛందమని అధికారులు చెబుతారు. వైద్యం, బడి, రోడ్డు లేని చోట ఎంత స్వచ్ఛందమో చదువరులే ఊహించగలరు. బయటికి రావాలని నిజంగా కోరుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఆ కోరికను తక్కువ చేయనక్కరలేదు. కానీ పెంటలు ఖాళీ అయ్యాక సలేశ్వరంలో దీపం పెట్టేదెవరన్న ప్రశ్న ఏ ప్యాకేజీ లెక్కలోనూ లేదు. అనుమతి ఇచ్చేది అటవీ శాఖ, ఏర్పాట్లు చూసేది ఇంకో శాఖ. రేపు ఆదాయం పెరిగితే వచ్చేది ధర్మాదాయ శాఖ. ఆ తర్వాత ఆగమం, ఆ తర్వాత టెండరు.

ఇది అనవసర భయం కాదు. ఇదే కృష్ణ ఒడ్డున ఒకసారి జరిగింది. శ్రీశైలం ప్రాజెక్టు నీటి కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుడులు, సోమశిల, జటప్రోలు గుడులు అలాగే ఎత్తు నేలలకు నడిచాయి. నవబ్రహ్మల కోసం నది ఒడ్డున అడ్డుగోడ కట్టారు. పురావస్తు శాఖ చేసిన ఆ పని నిజంగా మెచ్చదగినది. ఏ రాయీ తన చోటు తప్పలేదు. అదే 1981 వేసవిలో ఊళ్ళను ఖాళీ చేయించింది మాత్రం పోలీసులతో, బుల్డోజర్లతో. ఏ ఇంటి దూలానికీ ఎవరూ అంకె వేయలేదు. భూమి ఉన్నవాడికి పరిహారం అందింది, ఎంతో కొంత. భూమి లేని మాల మాదిగలకు, చేపల మీద బతికిన బెస్తలకు పోయిన బతుకు లెక్కకే రాలేదు. 1986లో ఇచ్చిన 98వ నంబరు జీవో ముంపు కుటుంబాలకు ఉద్యోగాలన్నది. ఆ జీవో పేరు చెప్పి నాటి యువకులు ధర్నాలు చేసి ముసలివాళ్ళయ్యారు. సంగమేశ్వరుడి గుడి కొత్త చోట పాత దిక్కుకే నిలబడి ఉంది.

నల్లమలలో ఈసారి తరలించాల్సింది రాళ్ళు కాదు కనుక అంకెలు వేసేవారెవరూ రారు. ఆ పని మనుషులే చేసుకోవాలి. దానికి దారి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(1)(ఇ) నిబంధన ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కును గుర్తిస్తుంది. చెంచులు ఆ జాబితాలో ఉన్నారు. హక్కుల గుర్తింపు ప్రక్రియ పూర్తికాకుండా అటవీవాసులను కదిలించరాదని 4(5) చెబుతుంది. 2013 ఏప్రిల్ 18న నియమగిరి కేసులో సుప్రీంకోర్టు డోంగ్రియా కోందుల కొండదేవుడైన నియమరాజును కొలిచే హక్కు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుందని, దాన్ని తేల్చాల్సింది గ్రామసభలేనని తీర్పిచ్చింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ గనిని కాదన్నాయి. 2019లో అమ్రాబాద్ యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా ఇక్కడి జనం కదిలి, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేత తీర్మానం చేయించిన రోజుల్లో నియమగిరి పేరు నల్లమలలో బాగానే వినబడింది. ఆ తర్వాత వాడుక తగ్గింది.

సలేశ్వరం, లొద్ది మల్లయ్య, అడవిలోని మరెన్నో లింగమయ్యల చోట్లు ఏ పెంటకు ఇలవేల్పో, ఏ దారిన ఏ రోజున వెళతారో, ఎవరు దీపం పెడతారో సామూహిక హక్కుల దరఖాస్తులో రాయించాలి. రేచడు చావబోతూ అడిగిన షరతును బతికుండగా అడగడమే అది. ఆ దరఖాస్తు పత్రం పేరు ఫారం-బి. గ్రామసభ తీర్మానం, పెద్దల వాంగ్మూలం జతచేస్తే చాలు. శాసనం అక్కరలేదు, తామ్రపత్రం అక్కరలేదు. రాయడం వచ్చినవారు పెంటల్లో కొద్దిమందే. అచ్చంపేట, కల్వకుర్తి కళాశాలల్లో, ఉప్పునుంతల హాస్టళ్ళలో చదివే దళిత, గిరిజన, వెనుకబడిన కులాల విద్యార్థులు ఎండాకాలం సెలవుల్లో ఆ పనికి పూనుకోవచ్చు. చైత్ర పౌర్ణమికి ఎలాగూ లోయలోకి దిగుతారు. ఈసారి సంచిలో కొన్ని తెల్లకాగితాలు కూడా పెట్టుకుపోవాలి.